అమ్మమ్మ చుట్టిన పూలవాన

మెడలో కెమెరా వేలాడితే చాలు, లోకమంతా మనవైపే చూస్తోందనిపించే వయసొకటి ఉంటుంది. నాకు ఆ వయసు షోలాపూర్ అశోక్ చౌక్‌లో, మరమగ్గాల సాంచాల చప్పుడు మధ్యన వచ్చింది. (కెమెరా మా మేనమామ స్టూడియోది. గర్వం మాత్రం పూర్తిగా నాదే.) ఆ రోజుల్లోనే మా గల్లీ పిల్ల పెళ్లికి ఫొటోలు తీసే పని నాకొచ్చింది. పెళ్లికొడుకు వాళ్లు పుణెలో స్థిరపడ్డవాళ్లు. అందుకని పెళ్లి మా ఊరి బయట హోట్గి రోడ్ మీద ఒక ఫామ్‌హౌస్‌లో, నిండు వేసవిలో, పచ్చిక మీద. వచ్చినవాళ్లంతా లేత రంగులే కట్టుకోవాలని షరతు కూడా పెట్టారు. "రంగురంగుల చద్దర్లు నేసే గల్లీల ఉండి, ఎలిసిపోయిన చీర కట్టాల్నా?" అని మా అమ్మ మండిపడి, చిలకాకుపచ్చ చీరే కట్టుకొచ్చింది.

పెళ్లికూతురు నన్ను పక్కకు పిలిచి చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఫొటోలన్నీ ఖరాబైనా ఏం గాదు. మా అమ్మమ్మ నవ్వే ఫొటో ఒక్కటి గావాలె. ఇంట్ల ఆధార్ కార్డు మీదిది తప్ప ఆమెది ఇంకో ఫొటోనే లేదు" అంది. తల్లి లేని ఆ పిల్లను బీడీలు చుట్టి పెంచింది ఆ అమ్మమ్మే. మామూలుగా గల్లీ చివరికి వినిపించేలా నవ్వే మనిషి, కెమెరా కనిపిస్తే పోలీసును చూసినట్టు బిగుసుకుపోయేది. చెట్టు చాటు నుంచి ప్రయత్నించాను. కుర్చీల వెనక పాకాను. "ఏంది బిడ్డా, ఏమన్న పోగొట్టుకున్నవా?" అని చివరికి ఆవిడే నా మీద జాలిపడింది.

అంతలో పెళ్లి ఏర్పాట్లు చూసే పుణె అమ్మాయి హడావిడిగా వచ్చి, అమ్మమ్మ ముందూ ఆమెతో బీడీలు చుట్టే స్నేహితురాళ్ల ముందూ రంగు కాగితాలు, గులాబీ రేకులు, దారం పెట్టి, "ఆజీ, ఈ రేకులు కాగితాల్లో చుట్టి పెట్టండి, జంట మీద చల్లాలి" అని మరాఠీలో చెప్పి పరుగెత్తింది. ఆమెకు కావలసినవి పైన నోరు తెరిచి ఉండే పొట్లాలు. కానీ చెప్పింది ఎవరికి! పొద్దుటి నుంచి పనిలేక చేతులు ఊరుకోని ఆ ఆడవాళ్లు కుర్చీలు వదిలేసి, పచ్చిక మీద కాళ్లు చాపుకుని, ఒళ్లో చాటలకు బదులు పళ్లేలు పెట్టుకుని కూర్చున్నారు. నేనప్పుడు పెళ్లికొడుకు బూట్లకు ఫొటో తీస్తున్నాను. (అదో కొత్త ఫ్యాషనట.)

తాళి కట్టడం అయింది. జంట నడిచి వస్తుంటే "చల్లండి!" అని కేక వేశారు. రేకులు రాలలేదు, గులాబీ బీడీలు కురిశాయి. సన్నగా చుట్టి, కొసలు గోటితో మడిచి, దారం బిగించిన నికార్సైన బీడీలు. ఒకటి వెళ్లి పెళ్లికొడుకు తలపాగాలో దిగింది. ఏర్పాట్ల అమ్మాయి ముఖం పాలిపోయింది. అమ్మమ్మ మాత్రం కింద పడ్డదొకటి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, "జూసిన్రా, అంత మీదికెల్లి పడ్డా ఒక్కటన్న ఇప్పుకున్నదా! మా చేతి మాల్ ఏనాడన్న వాపస్ వచ్చిందా!" అంది. పెళ్లికొడుకు తలపాగాలోని బీడీ తీసి, బుద్ధిగా చెవి మీద పెట్టుకున్నాడు. అంతే, అమ్మమ్మ కెమెరా సంగతే మరిచి, నోరంతా తెరిచి, మనవరాలి భుజం మీద వాలిపోయి నవ్వింది. నేను నొక్కాను. నొక్కుతూ నేనూ నవ్వాను, అక్కడే వచ్చింది చిక్కు.

ఇంటికొచ్చి చూస్తే ఫొటో కదిలిపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. భయపడుతూ చూపిస్తే పెళ్లికూతురు దగ్గరగా పట్టుకుని చూసి, "నవ్వితె మా అమ్మమ్మ గిట్లనే ఊగుతది అక్కా" అని దాన్నే పెద్దది చేయించుకుంది. అమ్మమ్మ పోయాక దండ వేసింది కూడా ఆ ఫొటోకే. ఇప్పటి నా కెమెరా చెయ్యి వణికినా దానంతటదే సరిచేసుకుంటుంది. పెళ్లిళ్లలో నేను నవ్వడం కూడా మానేశాను, పెద్ద ఫొటోగ్రాఫర్ని కదా మరి. కానీ ఆ ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆ గోడ ముందు కాసేపు ఆగుతాను. ఊగిపోతున్న అమ్మమ్మతో పాటు, ఎవరికీ కనిపించకపోయినా, ఆ రోజు నవ్విన నేను కూడా అందులో ఉన్నాను.