ఇల్లు తాళం వేసి ఉన్నది

గృహహింస చట్టం కొత్తగా వచ్చిన రోజులవి. తెనాలిలో ఒక చిన్న మహిళా సంఘంలో పనిచేసేదాన్ని. నేను లాయర్ని కాను. ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లకు కోర్టులో తోడు కూర్చోవడం, అర్థంకాని కాగితాలు చదివి చెప్పడం నా పని. కోపం మింగడం కూడా అందులో భాగమేనని మా సంఘం పెద్దావిడ అనేది. అది నాకు ఎప్పటికీ రాలేదు.

ఆ రోజుల్లో మా దగ్గరికి వచ్చిన ఒకామె టైలరు. రేపల్లెలో భర్తకు చెప్పుల షాపు. పన్నెండేళ్ల కాపురం. ఒకరోజు అతను వేడి ఇస్త్రీపెట్టె ఆమె మోచేతికి ఆనించి, బయటికి నెట్టి తలుపేసుకున్నాడు. తెనాలిలో అక్క ఇంటికి చేరింది. అంతకుముందు రెండుసార్లు పెద్దమనుషులు సర్దిచెప్పి పంపారు. ఈసారి వాళ్ల గడప తొక్కకుండా మా దగ్గరికి వచ్చింది.

"నాకు విడాకులొద్దక్కా. నా ఇంట్లో నేనుండాలి. నా మిషను కూడా అక్కడే ఉంది" అంది.

ఆ ఇంట్లో ఉండే హక్కు కోసం కోర్టులో కేసు వేశాం. పొద్దున్నే వెళ్లి కూర్చుంటే మధ్యాహ్నానికి మా కేసు పిలిచారు. భర్తకు పంపిన నోటీసు తిరిగొచ్చింది. వెనక 'ఇల్లు తాళం వేసి ఉన్నది' అని రాసి ఉంది. వచ్చే నెలకు వాయిదా. వచ్చే నెలా అదే వాక్యం, అదే చేతిరాత. మూడోసారీ అంతే. ఆ మూడు నెలలూ ఆ మనిషి రోజూ బజార్లో కూర్చుని చెప్పులమ్ముతూనే ఉన్నాడు.

నోటీసు పట్టుకెళ్లిన ఉద్యోగిని వరండాలో నిలదీశాను.

"అసలు ఆ ఇంటికి వెళ్లారా మీరు?"

"వెళ్లానండి. ఎవరూ లేరండి."

"మరి షాపుకి?"

"అడ్రసులో ఇల్లే ఉందండి. నన్నేం చెయ్యమంటారు?"

నా గొంతు పెరిగింది. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "అరవకండక్కా. ఈసారి మనమే వెంట వెళ్దాం."

షాపు అడ్రసు కూడా చేర్పించి కొత్త నోటీసు తీయించాం. ముగ్గురం రైల్లో రేపల్లె వెళ్లాం. ఆ ఉద్యోగి దారంతా పేపరు చదువుతూనే ఉన్నాడు. షాపు ముందు నిలబడి ఆమె బురఖా ముసుగు పైకెత్తింది. వేలు చూపించి, "ఈయనేనండి" అంది. అతను నన్ను చూసి, "సంసారాలు కూల్చడమేనా మీ పని?" అన్నాడు. ఆమె చెయ్యి కాల్చింది అతను, సంసారం కూల్చింది నేనట! బజారంతా చూస్తుంటే చివరికి సంతకం పెట్టాడు.

విచారణలో అతని లాయరు, "వంటింట్లో కాలిందేమో కదమ్మా?" అన్నాడు.

"వంటింట్లో కాలితే ఇస్త్రీపెట్టె ముక్కు అచ్చు పడుద్దా సార్?" అంది.

జడ్జిగారు తలెత్తి, చెయ్యి చూపించమన్నారు.

ఇలాంటి కేసు అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలోనే ఉంది. మాకు ఏడాదిన్నర పట్టింది. ఆర్డరు చేత్తో పట్టుకుని, ఒక కానిస్టేబులును వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లాం. మిషను పెరట్లో వానకు తుప్పుపట్టి ఉంది.

"ఇక సర్దుకుపోమ్మా" అన్నాడు కానిస్టేబులు.

"సర్దుకోడానికి రాలేదండి. ఉండటానికొచ్చాను" అంటూ ఆమె మిషను పక్కన కూర్చుని, కొంగుతో చక్రం తుడవడం మొదలుపెట్టింది.

ఎనిమిది నెలల తర్వాత ఆమె ఆ ఇల్లు వదిలేసి తెనాలిలో గది అద్దెకు తీసుకుంది. తెలియగానే వెళ్లి ఆమె మీదే విరుచుకుపడ్డాను. "ఏడాదిన్నర తిరిగాం కదా! మళ్లీ కొట్టాడా?"

"లేదక్కా. ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. నాకే ఇంక చాలనిపించింది. వాడు నెట్టేస్తే రావడం వేరు, నా అంతట నేను రావడం వేరు."

ఆ రోజు అరిచినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆ ఏడాదిన్నర మీద కోపం మాత్రం తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.