మా మామను తన్నిన కాకి

పోయిన ఆదివారం తిరువళ్ళూరులో మేముండే అపార్ట్‌మెంటు వాళ్ళంతా మేడమీద మీటింగు పెట్టుకున్నారు. మాట్లాడాల్సిన విషయం ఒకటే, పావురాలు. ఏసీ డబ్బాల వెనక గూళ్ళు పెట్టి, ఆరేసిన బట్టల మీద రెట్టలు వేసి, తెల్లవారకముందే మూలుగుతూ అందరి నిద్రా పాడుచేస్తున్నాయట. వలలు కట్టిద్దామని కొందరన్నారు. గింజల్లో మందు కలిపి పెడితే ఒక్క రోజులో పీడ విరగడవుతుందని ఇంకొందరన్నారు. చివరికి అందరిలోకీ పెద్దదాన్నని నా వైపు తిరిగి, "పాట్టీ, మీరేమంటారు?" అని అడిగారు. నాకు నవ్వు ఆగింది కాదు. ముసలావిడకు మతి తప్పిందనుకున్నారేమో, మందు మాట వచ్చే వారానికి వాయిదా వేసి కాఫీలు తాగారు. నేనెందుకు నవ్వానో చెప్పాలంటే మా మామ బట్టతల దగ్గర మొదలుపెట్టాలి, అది కాఫీ పూర్తయ్యేలోగా తెమిలే కథ కాదు.

నేను వెంగల్‌లో వరి పండించే ఇంట పుట్టాను. డెబ్బైల చివర్లో నన్ను తిరుత్తణికీ ఆర్.కె.పేటకూ మధ్య ఒక ఊళ్ళో, మగ్గాలు నేసే ఇంటికి కోడలిగా ఇచ్చారు. మా పుట్టింట్లో తెల్లవారితే వీధిలో పశువులు నడిచేవి. అత్తింట్లో తెల్లవారకముందే వీధి పొడవునా నూలు పడుగు సాగదీసి కట్టేవాళ్ళు. దానికి గంజి పట్టించి, బారెడు కుంచెను రెండు చేతులా పట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు దువ్వుకుంటూ పోవాలి. గంజి ఆరేలోగా దువ్వడం ముగించాలి. నడుమ ఆగితే పోగుకు పోగు అంటుకుపోయి పడుగంతా పాడవుతుంది. మా మామ ఆ పనిలో దిట్ట. పంచె ఎగ్గట్టి, ఒంటిమీద చొక్కా లేకుండా, ఏదో గొణుక్కుంటూ అటూ ఇటూ నడుస్తుంటే వీధి ఆయనదే అన్నట్టుండేది. పుల్లని గంజి వాసన, తడి నూలు వాసన కలిసి ఇంట్లోకి వస్తేనే నాకు పొద్దు తెలిసేది.

ఆ ఎండాకాలం మా గుమ్మం ముందరి వేపచెట్టు మీద కాకి గూడు పెట్టింది. ఒక రోజు గూట్లోంచి పిల్ల ఒకటి కింద పడితే, జాలిగుండె మామ దాన్ని తువ్వాలులో ఎత్తి గోడ మీద పెట్టాడు. అదే ఆయన చేసిన నేరం. తల్లికాకి ఆయన్ను దొంగ కింద జమకట్టింది. మర్నాటి నుంచి వీధిలో ఎంతమంది తిరుగుతున్నా ఎవరి జోలికీ పోకుండా, సరిగ్గా మా మామ కుంచె పట్టుకుని చెట్టు కిందకు వచ్చేదాకా ఉండి, నిగనిగలాడే ఆ నడినెత్తిన టప్పున తన్ని పోయేది. రెండు చేతులూ కుంచె మీద ఉంటాయి, తల కాచుకునేదెట్లా? తువ్వాలు చుట్టాడు, ఎగరేసుకుపోయింది. మా అత్త చేట బోర్లించి తాడుతో గడ్డం కిందికి కట్టింది. అది జారి కళ్ళమీదికొచ్చి మామ పడుగులోకి నడిచాడు. వీధి వీధంతా పొద్దున్నే పని పెట్టుకుని మరీ మా గుమ్మం ముందుకొచ్చి నిలబడేది.

దాన్ని చంపాలా వద్దా అని, మొన్నటి మేడమీద మీటింగులాగే, మా ఇంట్లో పెద్ద వాదం లేచింది. మా మరిది, అప్పటికి మీసాలొచ్చి మద్రాసులో ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం ఎదురు చూస్తున్నవాడు, సైకిల్ ట్యూబు కోసి ఉండికోలు కట్టుకుని రాళ్ళు ఏరిపెట్టుకున్నాడు. నేను కూడా ఊరుకోక, "మా ఊళ్ళో ఒకదాన్ని చంపి చేలో కట్టేస్తారు, మిగిలినవి ఆ చాయలకే రావు" అని నా తెలివి చూపించాను. మా అత్త గరిటె పట్టుకుని వంటింట్లోంచి బయటికొచ్చింది. రోజూ మధ్యాహ్నం గోడ మీద పిడికెడు అన్నం పెట్టి, కాకిని పిలిచి, అది ముట్టుకున్నాకే మాకు వడ్డించే మనిషి ఆమె.

"పొద్దున సంపేసి, మద్దేనం కూటికి ఎవుర్ని పిలిచేదిమ్మే? మీ తాత వస్తాడా, మా నాయన వస్తాడా?" అంది.

మా ఆయన ఎప్పటిలాగే ఏ పక్షం తీసుకోకుండా మగ్గం గుంటలోకి దిగి కూర్చున్నాడు. మామ మాత్రం, "సుమ్మా ఉండండి. పిల్లలకు రెక్కలొస్తే అదే పోతాది" అని కొట్టిపారేసేవాడు.

ఒక శనివారం దెబ్బ గట్టిగా తగిలింది. నెత్తిన రక్తం వచ్చి, కుంచె చేజారి, మామ తల పట్టుకుని కూలబడేసరికి గంజి ఆరిపోయింది. ఇంటిల్లిపాదీ మధ్యాహ్నం దాకా కూర్చుని పోగులు విడదీశాం. మామ సహనం అక్కడితో చచ్చింది. "రేపు కొట్రా దాన్ని. శనివారం వద్దు" అని మరిదికి హుకుం ఇచ్చాడు. కాకికి మిగిలింది ఆ ఒక్క రాత్రి.

కాకి తలమీద తన్నడమే అరిష్టం, అందులోనూ శనివారం. దానికి మా వైపు ఒక విరుగుడుంది. తన్నించుకున్న మనిషి పోయాడని దగ్గరి బంధువుకు అబద్ధపు కబురు పంపుతారు. వాళ్ళు గుక్కెడు ఏడవగానే అసలు సంగతి చెప్పేస్తారు. ఎవరో ఒకరు ఏడ్చారు కాబట్టి గండం గడిచినట్టే. ఎవరికి పంపుదామని మా అత్త అడిగితే, మామ నెత్తిన పసుపు అద్దుకుంటూ నేల చూపులు చూస్తూ, "మా యక్కకే చెప్పండి" అన్నాడు.

ఆ అక్కను మా ఇంట్లో పేటత్త అనేవాళ్ళు. ఆర్.కె.పేటలో ఉండేది. తన కూతుర్ని మా ఆయనకు చేసుకుంటారని పుట్టినప్పటి నుంచీ అనుకున్న మనిషి. మా మామ నన్ను కోడలిగా తెచ్చుకున్నాడు. పెళ్ళికి ఆమె రాలేదు. రెండేళ్ళు దాటినా తమ్ముడి గుమ్మం తొక్కలేదు. నేనామెను చూసిందే లేదు, అయినా ఆ ఇంట్లో ఏ పండగకు విస్తళ్ళు వేసినా ఆమె లేని లోటు నా వల్లే వచ్చిందని నాకు గుచ్చుకునేది. మా మామకు కబురు పంపడానికి వెంగల్‌లో మా నాన్న లేడా? ఉన్నాడు. ఆయనకు కావలసింది విరుగుడు కాదు, తను పోతే అక్క ఏడుస్తుందో లేదో తెలుసుకోవడం.

కబురు మోయడానికి మరిది బస్సెక్కాడు. వాడు చెప్పడం బాగానే చెప్పాడు. పేటత్త గుండెలు బాదుకుని "ఒరే తమ్ముడా" అని ఒక్క కేక పెట్టేసరికి వీడికీ ఏడుపు తన్నుకొచ్చింది. బతికున్న తండ్రి కోసం వెక్కి వెక్కి ఏడుస్తుంటే అసలు మాట నోట్లోంచి రాలేదట. కన్నకొడుకే అట్లా ఏడుస్తుంటే ఇక అనుమానమేముంది? వాడు ముక్కు తుడుచుకుని "అది కాదత్తా, కాకి..." అనేలోగా ఆమె చెప్పులు కూడా లేకుండా పరిగెత్తి, కదులుతున్న టౌన్ బస్సు ఎక్కేసింది.

వీధి మొదట్లో శోకాలు వినబడ్డాయి. జుట్టు విరబోసుకుని, చిన్నప్పుడు తమ్ముణ్ణి చంకనేసుకుని జాతరకు పోయిన దగ్గర్నుంచి అన్నీ చెప్పుకుని ఏడుస్తూ పేటత్త వస్తోంది. వెనకాల సగం వీధి నడుస్తోంది. ఆ వేళకు మా మామ తలస్నానం చేసి, తెల్ల పంచె కట్టి, నడవలో కూర్చుని సంగటి ముద్ద పులుసులో అద్దుకుంటున్నాడు. ఆమె గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. ముద్ద ఆయన నోటి దగ్గర ఆగిపోయింది.

"సచ్చినోడివి సచ్చినట్టు ఉండకుండా, కూడు తింటా ఉండావా?" అంది పేటత్త.

ఆ మీదట రెండు చేతులా వీపు మీద బాదింది, బాదిన చోటే నిమిరింది, నిమిరి మళ్ళీ ఏడ్చింది. మామ నోట్లో ముద్ద పెట్టుకుని నములుతూనే ఏడ్చాడు. "లోపలికి రాక్కా" అన్నాడు. "వచ్చేసినా గదరా. సావింటికి పిలుపు యాడ కావాల?" అంటూ అక్కడే చతికిలబడి, నన్ను ఎగాదిగా చూసి, "ఇదేనా ఆ పిల్ల? ఊరికే చూస్తా ఉండావే, నీళ్ళు తెస్తావా లేదా?" అంది. నేను పరిగెత్తాను. ఆ రెండేళ్ళలో నన్నెవరు ఏం అడిగినా అంత సంతోషంగా తెచ్చివ్వలేదు.

మర్నాడు తెల్లవారుతూనే మరిది ఉండికోలుతో వేపచెట్టు కింద నిలబడ్డాడు. పడుగు సాగదీశారు, మామ కుంచె అందుకున్నాడు, కాకి కొమ్మ అంచుకు వచ్చింది. సంగతంతా అప్పటికే విన్న పేటత్త కాఫీ లోటా కింద పెట్టి, పోయి చెట్టుకు అడ్డంగా నిలబడింది.

"గూట్లో నోళ్ళు తెరుచుకొని ఉండేవాటికి నువ్వు పెడతావా కూడు?" అని మరిదిని అడిగింది. "నాయనే అన్నాడు గదత్తా" అని వాడు నసిగాడు. ఆమె తమ్ముడి వైపు తిరిగింది.

"బిడ్డ కోసరం తన్నేదాన్ని సంపేదైతే, ముందర నన్ను సంపండ్రా. రెండేండ్లుగా నేను చేసిందీ అదే గదా" అంది.

మా అత్త ముందుగా నవ్వింది, తర్వాత పేటత్త నవ్వింది, ఆ తర్వాత వీధంతా నవ్వింది. మరిది రాయి కింద పడేశాడు. గంజి ఆరిపోతోందని మా ఆయన కేక వేస్తే, పేటత్త లోపలికి వెళ్ళి మామ నల్ల గొడుగు తెచ్చి విప్పి తమ్ముడి నెత్తిన పట్టింది. ఆయన దువ్వుకుంటూ నడిస్తే ఆమె పక్కనే నడిచింది, ఆయన తిరిగితే తిరిగింది. కాకి వచ్చి గొడుగు మీద తన్ని, తిట్టుకుంటూ పోయింది. అట్లా పిల్లలు ఎగిరిపోయేదాకా ప్రతి పొద్దూ ఆ ఊరేగింపు నడిచింది. నడుస్తూ ఇద్దరూ చెప్పుకోని కబురు లేదు. నా మీద కూడా చెప్పుకునే ఉంటారు. చెప్పుకోనీ అనుకున్నాను.

గూడు ఖాళీ అయిన మర్నాడు కూడా పేటత్త గొడుగు పట్టుకునే వీధిలోకి దిగింది. కాకి లేదు గదా అని మామ అనలేదు, ఆమె పక్కకు వచ్చేదాకా ఆగి కుంచె ఎత్తాడు. ఆ తర్వాత ఎన్నేళ్ళు ఎట్లా గడిచిపోయాయో లెక్క పెట్టబోతే నాకు పిడికెడే కనిపిస్తాయి గానీ, వాళ్ళిద్దరూ ఒకే గొడుగు కింద నడిచిన ఆ నాలుగు పొద్దులు మాత్రం ఎప్పుడు తలుచుకున్నా వీధంత పొడవున్నాయి.