తూర్పు వాకిళ్ళ లేఅవుట్

2000 సంవత్సరం ఫిబ్రవరిలో నన్ను భీమిలి రోడ్డు వైపు లేఅవుట్లు చూసే ప్లానింగ్ ఆఫీసరుగా వేశారు. అంతకు ముందు నాలుగేళ్ళు ఆటోనగర్ వైపు షెడ్ల ప్లాన్లు చూశాను. షెడ్డుకు వాకిలి ఎటుండాలని ఎవరూ గొడవ పెట్టుకోరు. లారీ తిరిగే చోటుంటే చాలు. మనుషులు కాపురం ఉండబోయే ఇళ్ళ దగ్గరికి వచ్చేసరికి నా ఓపిక ఎంత తక్కువో నాకే తెలిసింది.

పని ఏమిటో ముందు చెప్పాలి. ఎవరైనా తోటో పొలమో కొని ప్లాట్లుగా విడగొట్టాలంటే మా ఆఫీసులో లేఅవుట్ పటం మంజూరు కావాలి. ముందుగా సర్వేయరు స్థలానికి వెళ్ళి, అక్కడ ఉన్నది ఉన్నట్టు కొలిచి ఒక పటం గీస్తాడు. దాన్ని టోపో షీటు అంటాం. బావి, గట్టు, కాలిబాట, కరెంటు స్తంభం, అన్నీ అందులో కనబడాలి. దాని పక్కన లేఅవుట్ పటం పెట్టుకుని చూసి, అభ్యంతరాలు నోట్‌గా రాసి, చీఫ్ ప్లానరుకు పంపడం నా వంతు. మంజూరు సంతకం ఆయనది.

ఆ రోజుల్లో విశాఖపట్నంలో ఇళ్ళ బేరాలను నడిపించింది రిటైర్మెంటు. పోర్టులోను, స్టీల్ ప్లాంట్‌లోను చేరడానికి గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు ఏళ్ళ తరబడి క్వార్టర్లలో ఉన్నాయి. ఉద్యోగం దిగిన కొన్ని నెలల్లో క్వార్టరు అప్పజెప్పాలి. సొంత ఊళ్ళో వాటా ఎప్పుడో వదిలేసుకున్నారు కనుక తిరిగి వెళ్ళే ఉద్దేశం లేదు. ఒక తరం అంతా ఒకేసారి చేరింది. దిగడం కూడా ఇంచుమించు ఒకేసారి దిగుతుంది. వాళ్ళలో ఆలోచన ఉన్నవాళ్ళు దువ్వాడ వైపు, ఆస్పత్రికి బజారుకు దగ్గరగా కొనుక్కున్నారు. మిగిలినవాళ్ళకు సముద్రం కావాలి. ఫర్నేసు దగ్గర నిలబడి నిలబడి ఒళ్ళు కాలిపోయిందని, ఇక గాలి తింటామని అనేవారు. ఆ కోరికను నేను తప్పు పట్టను. దాని తర్వాత కోరిన కోరికతోనే నా పేచీ.

అలాంటివాళ్ళు ఒక సొసైటీగా చేరి, మెయిన్ రోడ్డుకూ సముద్రానికీ మధ్య ఉన్న సరుగుడు తోట కొన్నారు. తోటకు పడమర రోడ్డు, తూర్పున ఒక ఇసుక మెరక, ఆ కింద సముద్రం. మెరక ప్రభుత్వ పోరంబోకు. ఉత్తరాన ఒక మత్స్యకారుల పేట ఉంది. సొసైటీ అధ్యక్షుడు సత్యనారాయణమూర్తిగారు స్టీల్ ప్లాంట్‌లో సీనియర్ ఫోర్‌మన్‌గా చేసి దిగిన కోనసీమ మనిషి. మర్యాదస్తుడు. ఆ మర్యాదతోనే నన్ను ఆరు నెలలు వేధించాడు.

లేఅవుట్‌లో మామూలుగా ఒక రోడ్డు వేసి రెండు వైపులా ఇళ్ళు పెడతారు. ఒక వరస తూర్పు చూస్తే, ఎదుటి వరస పడమర చూస్తుంది. వీళ్ళు తెచ్చిన పటంలో ప్రతి ఇంటికీ తూర్పు వాకిలే. అంటే ప్రతి వరసకూ తూర్పున దానికంటూ ఒక రోడ్డు. ఆ రోడ్డుకు అవతలి వైపు ముందు వరస ఇళ్ళ పెరటి గోడలు. రోడ్లు రెట్టింపయ్యాయి, జాగా చాల్లేదు. సభ్యుల్లో ఒక్కరినీ తగ్గించం అన్నారు. చివరికి సముద్రం వైపున్న మొదటి వరస ఇళ్ళకు తోట సరిపోయింది కాని, వాటి ముందు రావలసిన రోడ్డు మెరక మీదికి వెళ్ళి పడింది. తీరానికి ఇంత దూరంలో ఇళ్ళు కట్టకూడదని నిబంధన ఉంది కనుక ఇళ్ళను ఆ హద్దు గీతకు ఇవతలే ఉంచి, దారిని మాత్రం అవతలికి తోశారు. దానికి రోడ్డని పేరు పెట్టకుండా 'మట్టి బాట' అని రాసుకొచ్చారు.

సొసైటీ పెద్దలను నా గదికి పిలిచి, రోడ్లను తూర్పు పడమరలుగా తిప్పమన్నాను. అప్పుడు సగం ఇళ్ళు ఉత్తరం చూస్తాయి, సగం దక్షిణం చూస్తాయి, మెరక జోలి ఉండదు.

"ఏవండీ, అరవై దాటినోళ్ళకి దక్షిణం వాకిలి ఇస్తానంటారా?" అన్నారు సత్యనారాయణమూర్తిగారు. "యముడి దిక్కండి అది. ఆయనొచ్చేదాకా ఆగకుండా మేవే వెళ్ళి తలుపు తీసినట్టు ఉంటది."

పోనీ మామూలు పద్ధతిలో సగం మంది పడమర తీసుకోండి అన్నాను.

"పడమరైతే రోజూ సాయంత్రం సూర్యుడు దిగిపోవడం చూస్తా కూర్చోవాలండి. మేవూ దిగిపోయినోళ్ళవే కదండీ, మళ్ళీ అది కూడా చూడాలా?" అన్నాడు పక్కనున్న ఆయన. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఉత్తరం కుబేరుడిది కనుక సగం ఇళ్ళు ఉత్తరం చూడటానికి సరేనన్నారు. ఆ సగంలో ఎవరుండాలి, దక్షిణం ఎవరికి పోవాలి అన్నది మూడు వారాలైనా తేలలేదు. మళ్ళీ పాత పటమే తెచ్చి ఇచ్చారు.

మార్చి చివర్లో స్థలం చూడటానికి వెళ్ళాను. టోపో షీటులో మెరక మీద 'ఖాళీ జాగా, ఇసుక' అని ఉంది. చూస్తే నిజంగానే ఖాళీ. కాని పేట పెద్ద నూకరాజు, నాకంటే పదేళ్ళు పెద్దవాడు, నా వెనకే మెరక ఎక్కి వచ్చాడు.

"కాలీ ఏటి బాబూ? గాలి లేనప్పుడు కాలీయే. పోర్టోళ్ళు తుపాను జెండా ఎక్కించినారంటే ఇక్కడ కాలెట్టడానికి సోటుండదు. పేటలో పడవలన్నీ ఈ మెరక మీదికే ఎక్కిత్తాం. కిందనుంటే ఒక్కటీ మిగల్దు."

ఇక్కడ రోడ్డు వస్తుందన్న సంగతి అతనికి అప్పటికే తెలుసు. ఎందుకో మాత్రం అర్థం కాలేదు.

"ఈ ముసిలోళ్ళకి సముద్రం మొగాన వాకిలెందుకు బాబూ? ఇసకంతా కంచంలోకొచ్చి పడతాది. మా ఇళ్ళు సూడు, అన్నీ సముద్రానికి ఈపు పెట్టే ఉంటాయి."

తర్వాత గొంతు తగ్గించి, ఈ మెరక మా తాతగారు తమకిచ్చిందే అన్నాడు. "మీ తాతగోరు గుర్రం మీదొచ్చి, ఇది మీ పడవల సోటు, ఎవుడూ ముట్టుకోడు అని సెప్పినారంట. మా అయ్య సెప్పేవోడు."

ఆ మాట నిజమే. ఆ తీరంలో కొన్ని ఊళ్ళు ఒకప్పుడు మా ఎస్టేటు. ఎస్టేట్లు రద్దయ్యాక ఊళ్ళు పోయాయి, వ్యాజ్యాలకు దివాణం పోయింది, నా వంతుకు ఇంటిపేరు మిగిలింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను అద్దె వాటాలోనే ఉన్నాను. ఇది జాలి కోసం చెప్పడం లేదు. జరిగినదానిలో దీనికి పాత్ర ఉంది. తాతగారు ఆ మెరకను నోటిమాటగా ఇచ్చారు. కాగితం లేదు. ఆయన మాటకు ఆ రోజుల్లో కాగితం అడిగినవాడు లేడు.

"ఇదంతా రాసుకున్నావా బాబూ?" అని అడిగాడు నూకరాజు. రాసుకున్నానన్నాను. "అయితే సాలు," అని దిగి వెళ్ళిపోయాడు.

నేను రాసుకున్నది నా జేబు డైరీలో.

ఆఫీసుకు రాగానే సర్వేయరును పిలిచి అడిగాను. "నాను ఎల్లినప్పుడు అక్కడేటీ లేదు సార్. ఇసకే. ఉన్నదే గీయాలి గదా," అన్నాడు. పద్ధతి ప్రకారం అతని మాటలో తప్పు లేదు. అయితే పద్ధతిలోనే మరో దారి ఉంది. పేటవాళ్ళ వాంగ్మూలం తీసుకుని, పడవలు ఎక్కించే హద్దును చుక్కల గీతతో చూపించి, సవరించిన టోపో షీటు గీయించవచ్చు. రెండు రోజుల పని. ఒకసారి ఆ గీత పటంలోకి ఎక్కితే, దాన్ని దాటి రోడ్డు వేయాలనుకునేవాడు జవాబు రాయాలి.

ఆ వారంలోనే సత్యనారాయణమూర్తిగారు మా ఇంటికి వచ్చారు. అధ్యక్షుడి కోటాలో ఒక మూల ప్లాటు ఉందని, నా పేర సభ్యత్వం రాస్తామని, అంత పెద్ద కుటుంబంవారు అద్దెకుండటం తమకే బాగోలేదని అన్నారు. బహుశా నిజంగా బాగోలేదనే అనుకుని ఉంటారు. నేను లేచి వీధి తలుపు తీసి నిలబడ్డాను. ఆయన కాఫీ సగంలో వదిలి వెళ్ళిపోయారు.

ఆ కోపం చల్లారకుండానే నోట్ రాశాను. 'అందరికీ తూర్పు వాకిలి కావాలన్న మూఢనమ్మకం కోసం ప్రభుత్వ స్థలాన్ని దారిగా మార్చడం తగదు. మెరక మత్స్యకారుల వాడుకలో ఉన్న సంగతి ఈ అధికారికి స్వయంగా తెలుసు.' వాంగ్మూలం లేదు, సవరించిన పటం లేదు. నా భాష బాగుందని మాత్రం అనుకున్నాను.

సొసైటీవారు ఫిర్యాదు ఇచ్చారు. నా నోట్ తమ నమ్మకాన్ని అవమానించిందన్నది మొదటి అంశం. ఆ భూమి ఒకప్పుడు మా కుటుంబానిది కనుక నాకు స్వార్థం ఉందని, 'స్వయంగా తెలుసు' అన్న మాటే రుజువని రెండోది. చీఫ్ ప్లానరు పిలిచారు. నాకంటే చిన్నవాడు, నెమ్మదస్తుడు.

"పటంలో ఖాళీ అని ఉంది. మీ నోట్‌లో వాడుకలో ఉందని ఉంది. దేన్ని నమ్మమంటారు?" అన్నారు.

నన్ను నమ్మమన్నాను.

"నేను నమ్ముతాను సార్. ఫైలు నమ్మదు. రెండు రోజులు టైమిస్తాను, సర్వేయరును తీసుకెళ్ళి ఆ పడవల చోటు గీయించండి. మిగతాది నేను చూసుకుంటాను."

నా మాటకు సర్వేయరు సాక్ష్యం అక్కర్లేదని చెప్పి బయటికి వచ్చేశాను. ఆయన రెండు రోజులు కాదు, వారం ఆగారు. నేను కదల్లేదు. తర్వాత ఫైలు నా బల్ల మీద నుంచి వేరే అధికారి దగ్గరికి వెళ్ళింది. అతను పటం చూశాడు. పటంలో ఇసుక తప్ప ఏమీ లేదు. మట్టి బాట మంజూరైంది.

ఏడాదిన్నరలో ఇళ్ళు లేచాయి. బాట మీదికి ఇసుక కొట్టుకు రాకుండా సముద్రం వైపు ఒక రాతిగోడ కట్టారు. 2002 కార్తీకంలో పోర్టులో తుపాను జెండా ఎక్కించిన రోజు పేటవాళ్ళు పడవలను మెరక దాకా లాగారు. గోడ దాటించలేకపోయారు. దాని అంచున కట్టేశారు. కెరటాలు వాటిని ఆ గోడకే కొట్టాయి. ఏడు పడవలు పోయాయి. వాటిలో నూకరాజుది ఒకటి.

గాలి తగ్గిన మూడో రోజు వెళ్ళాను. ఎవరూ పిలవలేదు. నూకరాజు గోడ పక్కన కూర్చుని చెక్కల్లోంచి పనికొచ్చే మేకులు ఏరుతున్నాడు. లేచి నిలబడ్డాడు, ఆ మర్యాద నన్ను మరింత ఇబ్బంది పెట్టింది.

"ఆపీసుకెల్తే, ఇది పడవల సోటని ఎక్కడుంది, పటంలో కాలీ అనుంది అంతన్నారు బాబూ. నువ్వు రాసుకున్నానన్నావు గదా. ఆ కాయితం ఏదీ?"

నా డైరీలో ఉందన్నాను.

"నీ కాడుంటే మాకేటి లాభం?" అన్నాడు. కోపంగా అనలేదు. మళ్ళీ కూర్చుని మేకులు ఏరుకున్నాడు.

వెనక్కి వస్తూ సొసైటీ వీధుల్లోంచి నడిచాను. సగానికి పైగా ఇళ్ళకు తాళాలు. ఒంట్లో బాగోనివాళ్ళు ఆస్పత్రి దగ్గరుండాలని దువ్వాడ వైపు అద్దెకు వెళ్ళిపోయారు. సత్యనారాయణమూర్తిగారిది సముద్రం వైపు మొదటి వరస. ఆయన ఇంట్లోనే ఉన్నారు. తూర్పు గేటు తుప్పుపట్టి బిగుసుకుపోయింది; పెరటి గుమ్మంలోంచి, అంటే రెండో వరస రోడ్డు మీదికి, వచ్చి పలకరించారు.

"అటు తలుపు తీస్తే ఇల్లంతా ఇసకండి. అందరం ఇటేపునుంచే తిరుగుతున్నాం," అన్నారు.

అంటే మెరక మీది బాటను ఎవరూ వాడటం లేదు. ఆ మాట ఆయనకు చెప్పాను. "మరేనండి," అన్నారు. పడవల సంగతి కూడా చెప్పాను. పటంలో అక్కడ పడవలున్నట్టు ఉంటే, సభ్యులను ఒప్పించడానికి తనకొక ఆధారం దొరికేదని ఆయన అన్నారు. ఆ మాటలో ఎంత నిజముందో తెలియదు. లేదని చెప్పే హక్కు నాకు లేకుండా పోయింది.

ఆ మనుషుల మొండితనం మీద నాకున్న విసుగు ఈనాటికీ తగ్గలేదు. అరవై ఏళ్ళు వచ్చినవాళ్ళు దిక్కు చూసి ఇల్లు కట్టి, గాలి చూడకపోవడం ఇప్పటికీ తెలివితక్కువే అంటాను. కాని ఆ మెరక పోయింది వాళ్ళ నమ్మకం వల్ల మాత్రమే కాదు. దాన్ని ఆపడానికి ఆఫీసు నాకు రెండు రోజులు, ఒక సర్వేయరును ఇచ్చింది. తీసుకోలేదు. మా తాతగారి మాట ఆయన ఉన్నన్నాళ్ళు పనిచేసింది. నా మాట అంత కూడా పనిచేయలేదు. తమ తరఫున పెద్దమనిషి ఉన్నాడనుకుని పేటవాళ్ళు నిశ్చింతగా ఉండిపోవడం ఒక్కటే దానివల్ల జరిగింది.

స్థలంలో తెలుసుకున్నది పటంలోకి ఎక్కకపోతే, అధికారికి అది తెలిసినా తెలియకపోయినా ఒకటే. ఆ తర్వాత నా సర్వీసు ఐదేళ్ళు ఉంది. తీరం ఫైలు ఏది వచ్చినా సర్వేయరును రెండుసార్లు పంపేవాణ్ణి: ఒకసారి మామూలు రోజున, ఒకసారి తుపాను హెచ్చరిక ఉన్న రోజున. ఫైళ్ళు నెలల తరబడి ఆగేవి. ఆలస్యం చేస్తున్నానని నా మీద ఫిర్యాదులు వచ్చాయి. ప్రతిదానికీ పటం జతచేసి జవాబు రాశాను.