పాలిష్ గుడ్డల సాక్ష్యం

మా పెద్దమామ పాలిష్ మేస్త్రి. ఆయన రుద్దిన తలుపులో ముఖం చూసుకుని పిల్లులు మీసాలు దువ్వుకునేవి. నమ్మకపోతే మీ ఖర్మ. నేను బడి మానేసింది అబద్ధాలు చెప్పడానికి కాదు.

ఆయనకొక చాదస్తం. అవిసె నూనె అంటిన గుడ్డల్ని నీళ్లు పోసిన మూత డబ్బాలో ముంచితే గానీ ఇంటికి కదిలేవాడు కాదు. "ఉండచుట్టి పడేస్తే లోపల్లోపలే వేడెక్కి అంటుకుంటాయిరా. అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు" అనేవాడు. అందరికన్నా గట్టిగా నవ్వింది ఆయన దగ్గరే పని నేర్చుకున్న తమ్ముడు, మా చిన్నమామ.

ఒక డాక్టరమ్మ ఇంట్లో బీరువాల పని పట్టారు. ఒకరోజు పంటినొప్పితో పెద్దమామ మధ్యాహ్నమే వెళ్లిపోయాడు. చిన్నమామ గుడ్డలన్నీ ఒక సంచిలో కుక్కి సామాన్ల గదిలో పడేశాడు. తెల్లారేసరికి గది మసిబొగ్గయింది.

"అన్నయ్య బీడీ ఆర్పకుండా పారేశాడేమో అమ్మా" అన్నాడు చిన్నమామ, నేల చూపులు చూస్తూ.

సాయంత్రానికి వీధంతా ఆ మాటే. మూడిళ్లవాళ్లు పెద్దమామను పనికి రావద్దన్నారు. ఆయన నేరుగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు.

"ఒక్క పగలు ఇవ్వండమ్మా. బీడీ కాదని చూపిస్తాను."

మర్నాడు డాక్టరమ్మ ఇంటి పెరటి మధ్యలో, పక్కన రెండు బకెట్ల నీళ్లు పెట్టుకుని, నూనె గుడ్డల్ని అట్టపెట్టెలో కుక్కాడు. ఎండెక్కింది. "ఏంటి మేస్త్రీ, గుడ్లు పొదుగుతున్నావా?" అని డాక్టరమ్మ కారు డ్రైవరు వెక్కిరించాడు. మధ్యాహ్నం దాటాక పెట్టెలోంచి సన్నగా పొగ లేచింది. కర్రతో కెలికితే లోపల ఎర్రగా నిప్పు! డ్రైవరు నోరు మూతపడలేదు. పెద్దమామ నీళ్లు కుమ్మరించాడు.

"మరి ఆ రోజు సంచిలో కుక్కిందెవరు?" అంది డాక్టరమ్మ.

పెద్దమామ పక్కనే నిలబడ్డ తమ్ముడి వంక చూశాడు.

"నేనేనమ్మా. అన్నయ్య అలాగే పెట్టమన్నాడు."

డాక్టరమ్మ పెద్దమామ వైపు తిరిగింది. "ఇంత తెలిసినవాడివి, పిల్లలు తిరిగే ఇంట్లో అలా ఎలా పెట్టమన్నావయ్యా? తెలియకపోతే పోనీలే అనుకునేదాన్ని."

ఆయన కర్ర పక్కన పడేసి బయటికి నడిచాడు. గేటు దాటాక చిన్నమామ వెనకే వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "అన్నయ్యా, ఏమనుకోకు. నాకు భయమేసింది."

"బీడీ అన్నప్పుడు భయమనే అనుకున్నానురా. ఇప్పుడన్నది మాత్రం ఆలోచించుకుని అన్నావు. ఇక నా వెంట రాకు."

తమ్ముడు వెనక్కి తిరిగి గేటులోకి నడిచాడు. మిగిలిన బీరువాల పని చిన్నమామకే దొరికింది.