సువార్తమ్మ చెప్పిన పూల పేర్లు

గుండెకు స్టెంట్ వేసి నెలయింది. రోజూ అరగంట నడవమన్నారు డాక్టరు. ఈ ఉదయం మొదటిసారి, కడప బయట పెన్న ఒడ్డున ఉన్న పూల మైదానానికి ఒక్కడినే ఆటోలో వెళ్లాను. అడవిపూల కోసం, పిట్టల కోసం దున్నకుండా కాపాడుతున్న చోటది. వానలు పడ్డాయి కదా, నేలంతా పసుపు, నీలం.

బాట చదునుగానే ఉంది. అయినా సగం దూరంలోనే ఆయాసం వచ్చేసింది. ఫోనేమో ఇంట్లో మరిచాను. భయమేసి నిలబడిపోయాను.

అక్కడ కాపలా పని చేసే సువార్తమ్మ నన్ను చూసి దగ్గరికి వచ్చింది. ఏమైందని అడగలేదు. "ఇట్ల రాప్పా, ఈ పువ్వు చూడు. దీన్ని కోడలి కమ్మలంటారు" అంది. పది అడుగులు వేశాక ఇంకో పువ్వు దగ్గర ఆపింది. అది అత్త ముక్కుపుడక అట. అలా ఆగుతూ, వింటూ, నవ్వుకుంటూ గేటు దాకా వచ్చేశాను.

"ఇన్ని పేర్లు నీకెలా తెలుసమ్మా?" అని అడిగాను.

"నాకు తెలిసింది తంగేడు, తుమ్మి, అంతే. కడమవన్నీ ఇప్పుడు నేనే పెట్టినా. నువ్వు శానా రొప్పుతాండావు. ఊరికే ఆగి ఆగి నడవమంటే మగోళ్లు ఇంటారా?"

నవ్వొచ్చింది. కళ్లూ తడిశాయి.

ఇంత మేలు చేసిన అబద్ధం మీకెవరైనా చెప్పారా? కామెంట్లలో రాయండి. నేనైతే రేపు ఇద్దరికీ బొరుగుల ఉగ్గాని కట్టించుకుని వెళ్తున్నాను. మిరపకాయ బజ్జీలు మాత్రం ఆమెకే.