సగం దారిలో తాళాలు

పదకొండేళ్లుగా పార్శిల్ లారీ నడుపుతున్న ఆ మనిషిని డిపోలో అందరూ నిదానం అనే పిలిచేవారు. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినబడేది కాదు. బండిని యాభై దాటనిచ్చేవాడు కాదు, మాటను గొంతు దాటనిచ్చేవాడు కాదు.

అతని పని వినడానికి తేలికే. పొద్దున ఆరింటికి తన ఊరి డిపోలో సీలు వేసిన లారీ ఎక్కుతాడు. ఎనిమిది గంటలు నడిపి పెద్ద ఊరి డిపోలో అప్పజెబుతాడు. ఆ రాత్రికి అక్కడే కంపెనీ గదిలో పడుకుని మర్నాడు తిరిగొస్తాడు. సరిగ్గా అదే పొద్దున పెద్ద ఊరి నుంచి ఇంకో డ్రైవరు ఇటు బయలుదేరుతాడు. నిద్రలో తప్ప నోరు మూయడు కనక అతన్ని రేడియో అంటారు. ఇద్దరూ పది గంటల ప్రాంతంలో సగం దారిలో పెట్రోలు బంకు పక్కనున్న టీ దుకాణం దగ్గర కలుసుకుంటారు. ఏ చుట్టరికమూ లేకపోయినా బావా అంటే బావా అనుకుంటారు. టీ తాగి ఒకరి ఊరికి ఇంకొకరు వెళ్లిపోతారు.

అంటే నిదానం ఇంటికి కిలోమీటరు దూరంలో కంపెనీ మంచం మీద రేడియో పడుకుంటాడు. రేడియో ఇంటి వెనక వీధిలో కంపెనీ మంచం మీద నిదానం పడుకుంటాడు. ఆ రెండు మంచాలకి రెండు గదులు, రెండు గదులకి ఇద్దరు కాపలావాళ్లు. ఇంత తెలివైన ఏర్పాటు చేసినవాడు ఎవడో గానీ, వాడు మాత్రం రోజూ తన ఇంట్లోనే పడుకుని ఉంటాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నిదానం ఈ సంగతి అప్పటి అధికారి చెవిన వేశాడు. సగం దారిలో బళ్లు మార్చుకుంటే ఎవరింటికి వాళ్లం చేరతాం కదండీ అన్నాడు. లారీ నడపడం నీ పని, ఎలా నడపాలో ఆలోచించడం మా పని అని ఆయన సాగనంపాడు. ఆ తర్వాత నిదానం మళ్లీ ఆ ఊసెత్తలేదు.

అతని భార్యకి పుట్టుకతోనే ఎడమ కంట్లో చూపు లేదు. ఉన్న ఒక్క కంటితోనే సంసారం ఈదుకొచ్చింది. అతను ఇంటికొచ్చిన పూట పేపరు ఆమె చదవాలి, అతను వినాలి. అతనికి చదవడం రాక కాదు. ఆమె చదివితే వార్తతో పాటు ఆమె విసుర్లు కూడా వినొచ్చు, వాటి ముందు వార్త ఎందుకూ పనికిరాదు.

ఆ ఏడాది చివరి సెలవుల ముందు ఆ ఒక్క కంట్లోనూ లోపలి పొర చిరిగింది. ఆపరేషన్ చేసి తొమ్మిది రోజులు కట్టు ఉంచాలన్నారు. పొద్దున ఐదింటికీ రాత్రి ఎనిమిదింటికీ కట్టు సడలించి చుక్కల మందు వేయాలి, ఒక్క పూట తప్పినా ఉన్న చూపు పోతుందని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. పక్కింటి పిన్ని పగలంతా తోడుంటానంది. కానీ పిన్ని చేతులు వణుకుతాయి. చుక్క కంట్లో పడేలోపు చెంప మీద నాలుగు పడతాయి.

ఆపరేషన్ అయిన రోజే నిదానం సెలవు అడగడానికి, బళ్లు పంపే డిస్పాచ్ మేడమ్ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ ఆ ఏడాదే కొత్తగా వచ్చిన అధికారి. సెలవుల గిరాకీకి డిపోలో కాలు పెట్టే చోటు లేదు. సరుకు కదిలే బెల్టు మీద పట్టక అట్టపెట్టెలు మెట్ల మీద, సైకిల్ షెడ్డులో, ఆఖరికి ఆవిడ బల్ల కింద కూడా ఉన్నాయి. అతను కంటి సంగతి చెబుతుండగానే రెండు ఫోన్లు మోగాయి. సీజన్ అయ్యాక చూద్దాం అని ఆవిడ తలెత్తకుండానే అనేసింది.

మర్నాడు ఐదింటికి మందు వేసి, గుండె రాయి చేసుకుని లారీ ఎక్కాడు. టీ దుకాణం దగ్గర రేడియోకి అంతా చెప్పాడు. రేడియో నిమిషం పాటు మాట్లాడలేదు. పదకొండేళ్లలో అదే మొదటిసారి. తర్వాత తన లారీ తాళం తీసి టీ గ్లాసుల మధ్య పెట్టాడు.

"నీ తాళం ఇటివ్వు బావా. నీ లారీ వెళ్లాల్సింది మా ఊరికేగా, నేను పట్టుకుపోతా. నాది నువ్వు పట్టుకుపో."

"దొరికితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి."

"పోతే పోనీ. అక్క కన్ను పోతే మళ్లీ వస్తుందా?"

మధ్యాహ్నం రెండున్నరకి నిదానం సొంత ఊరి డిపో గేటు దగ్గర ఆగాడు. గేటు దగ్గరి కాపలాదారు నంబరు ప్లేటు చూశాడు, సీలు చూశాడు, తలూపాడు. డ్రైవరు ముఖం చూడమని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇంట్లో అడుగు పెట్టగానే చెప్పుల చప్పుడు విని ఆమె లేచి కూచుంది. ఇవాళ మీరు రారుగా అంటూ గాల్లోకి చెయ్యి చాపింది. అతను ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఇంకో చేత్తో జేబు తడుముకున్నాడు. మందు సీసా లేదు. పొద్దుటి కంగారులో జేబులో వేసుకుపోయి, స్టీరింగు ముందున్న అరలో పెట్టిన సంగతి గుర్తొచ్చింది. ఆ లారీ ఈపాటికి పెద్ద ఊరు చేరి ఉంటుంది. జన్మలో పరిగెత్తని మనిషి ఆ సాయంత్రం పరిగెత్తాడు. మూడు దుకాణాల్లో లేదన్నారు, ఆసుపత్రి దుకాణంలో దొరికింది. సరిగ్గా ఎనిమిదింటికి మందు వేశాడు.

అక్కడ రేడియోకి సీసా కనబడింది. మర్నాడు జేబులో వేసుకొస్తే సరిపోయేది. కానీ అతని భార్య ఊరుకోలేదు. మనం పార్శిల్ కంపెనీ వాళ్లమయ్యుండి కంటి మందు ఆలస్యం చేస్తామా అని, దూది చుట్టి, పెట్టెలో పెట్టి, చిరునామా తనే రాసి మొగుణ్ణి కౌంటరుకి తరిమింది. మర్నాడు టీ దగ్గర రేడియో గొప్పగా చెప్పాడు, మందు ఇవాళో రేపో మీ ఇంటికొస్తుంది బావా అని. నిదానం నెత్తి పట్టుకుని నవ్వాడు.

ఆ తర్వాత రోజూ తాళాలు మారాయి. తొమ్మిదో రోజు మధ్యాహ్నం కట్టు విప్పారు. ఆమెకి వెలుగు తెలిసింది, డాక్టరమ్మ కోటు తెల్లటి మరకలా కనబడింది. అక్షరాలు ఆనడానికి కొన్నాళ్లు పట్టొచ్చు, ఆనకపోనూ వచ్చు అన్నారు. ఆ సాయంత్రం ఆమె ఎవరి మీదా ఒక్క విసురూ విసరలేదు. అతనికి అన్నం సహించలేదు.

మర్నాడు బండి అప్పజెప్పగానే డిస్పాచ్ మేడమ్ పిలుస్తోందన్నారు. బల్ల మీద గుప్పెడంత పెట్టె ఉంది. వారం దాటినా చేరని పార్శిళ్ల జాబితాలో అది బయటపడిందట. చిన్న పెట్టెలన్నీ ముందు ఈ ఊరికి అవతల, ఊళ్లవారీగా విడదీసే యంత్రాలుండే పెద్ద షెడ్డుకి పోవాలని నియమం. అందుకని ఈ సీసా సీలు వేసిన సంచిలో మూడుసార్లు ఈ డిపో మీదుగానే అటూ ఇటూ తిరిగింది. అందులో రెండుసార్లు నిదానం వీపు వెనకే ప్రయాణం చేసింది.

"దీన్ని బుక్ చేసినాయన సాయంత్రం ఐదింటికి పెద్ద ఊళ్లో సంతకం పెట్టారు. బండి గేటు దాటితే డ్రైవరు గదికొచ్చినట్టే రాసేస్తారుగా, అదే సాయంత్రం మన గదిలో పడుకున్నట్టు రిజిస్టరులో ఉంది," అంది మేడమ్.

నిదానం దాచలేదు. తాళాల సంగతి మొత్తం చెప్పి, తప్పు తనదే, రేడియోని ఏమీ అనొద్దన్నాడు. ఆవిడ ఆ రెండు లారీల వేళలు తెర మీద తెరిచి చూసింది.

"సెలవడిగినప్పుడు ఈ కంటి సంగతి నాకు చెప్పారా?"

"చెప్పాను మేడమ్."

"నేను వినలేదు," అంది, ఈసారి తలెత్తి. చెప్పకుండా చేసినందుకు మెమో ఇస్తానంది. సీజన్లో బళ్లన్నీ ఆలస్యమైనా ఈ రెండు లారీలు మాత్రం ఒక్కరోజూ ఆలస్యం కాలేదని కూడా అంది. "రేపట్నుంచి తాళాలు మార్చుకునే చోట ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఇక ఆ గదులతో పన్లేదు."

నిదానం దండం పెట్టి, పెట్టె గుప్పిట్లో పట్టుకుని బయటపడ్డాడు. మెమో తీసుకుని ఇంత తేలిగ్గా నడిచిన మనిషి ఆ డిపోలో ఇంకొకడు ఉండడు.

ఇంటికెళ్లి పెట్టె ఆమె చేతిలో పెట్టాడు. రేడియో వాళ్లావిడ పంపిన మందు, పది రోజులకి చేరింది అన్నాడు. ఆమె దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కంటికి దగ్గరగా పెట్టుకుంది. దూరం జరిపింది, మళ్లీ దగ్గరికి తెచ్చుకుంది. అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అ... క్క... కి," అంది ఆమె, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. "కంటి మందు." పెట్టెను ఇంకాస్త వెలుగులోకి తిప్పింది. "కింద ఎర్ర సిరాతో అర్జంటు అని రాసిందండీ. ఈ కంపెనీని నమ్ముకుని అర్జంటు అని రాసిందంటే పిచ్చి తల్లి."

నిదానానికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. గుమ్మంలోనే కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె వచ్చి పక్కన కూచుంది.

"ఏడ్చింది చాల్లెండి," అంది. "పది రోజుల పేపర్లు ఎక్కడ పెట్టారు?"