బావి పుస్తకంలో బుధవారం

ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పాను. రిటైరయ్యాక దిద్దడానికి కాగితాలు లేకపోవడంతో బావికి ఒక నోటుబుక్కు పెట్టాను. మా ఊరి పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. కాయల కాలం మొదలైతే దాని మురుగు కాలువలోకి వదులుతారు. కాలువకు ఆనుకునే మా తాగునీటి బావి. ఏ రోజు నీళ్లు పులిసిన వాసన వేశాయో, ఏ పూట నురగ తేలిందో, ఎన్ని బిందెలు పారబోశామో గంటలతో సహా రాస్తూ వచ్చాను. మూడేళ్లలో ఒక్క కాగితం చించలేదు. కొట్టివేత ఉన్న ప్రతిచోటా పక్కన నా సంతకం ఉంటుంది.

ఆ పుస్తకం చూసే తిరుపతిలోని ఒక పర్యావరణ సంఘం మా ఊరి తరఫున కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెట్టింది. అర్జీ నిలబడాలంటే నీటి పరీక్ష కావాలన్నారు. ఇంటర్న్‌షిప్పు కింద తమ దగ్గర చేరిన ఇద్దరు డిగ్రీ పిల్లలను రెండు నెలలకు మా ఇంట్లో దింపారు. ఒకమ్మాయిది సూళ్లూరుపేట, ఇంకొకమ్మాయిది తిరుపతి.

మొదటి వారం వాళ్లు ఇంటింటి సర్వే చేశారు. ఊళ్లో ఇళ్లు ముప్పై ఆరు. వాళ్ల కాగితంలో ముప్పై ఏడు వచ్చాయి. వరసగా సరిచూస్తే, మా బర్రెల కొట్టాన్ని కూడా ఇల్లుగా రాశారని తేలింది. ‘కుటుంబ సభ్యులు: ఇద్దరు’ అని కూడా ఉంది.

“అవ్వా, ఆడ కరెంటు బల్బు ఎలగతా ఉండె” అంది సూళ్లూరుపేట పిల్ల.

“బల్బు కింద ఎవురుండారో సూసినారా?”

“తలుపేసుండాది. పిలిస్తే లోపలనించి పలికినారు. ఇద్దరని తిరుపతి పిల్లే రాసుకునింది.”

మూడో వారం వాళ్లు బావి నీళ్లు తీసుకుని సాయంత్రం నాలుగున్నర బస్సుకు తిరుపతి పోయి, పరీక్షకు ఇచ్చి వచ్చారు. గురువారం తీస్తామన్నవాళ్లు, వాసన ఎక్కువగా ఉందని బుధవారమే తీశారట. ఆ పొద్దు నేను కళ్లద్దాలు మార్చుకోవడానికి చిత్తూరు పోయాను.

పది రోజులకు సంఘం ఆయన ఫోను చేశాడు. అందరూ వినాలని స్పీకరు పెట్టాను. వసారా నిండా జనం ఉన్నారు.

“అవ్వా, మీ బావి నీళ్లు బ్రహ్మాండంగా ఉండాయంట. తిరపతిలో మేం తాగేటి వాటికన్నా బాగుండాయి. ఈ రిపోర్టు మండలి ఆఫీసుకు కూడా పోయింది. సోమవారం చిత్తూరులో విచారణ. అర్జీ ఎనక్కి తీసుకునేదే మేలు.”

వసారాలో గోల లేచింది. మా తోడికోడలు పిల్లల మీద విరుచుకుపడింది.

“ఫ్యాక్టరీ వాళ్లు జ్యూసు తాపినారా మీకు? యాడ నీళ్లు పట్టుకపోయినారు మే?”

“మన బావిలోనే అవ్వా! ముక్కు మూసుకోని తోడినాము” అని తిరుపతి పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది.

పిల్లలు అబద్ధమాడరని నాకు తెలుసు. దాన్ని రుజువు చేయడానికి నా పుస్తకం తెచ్చి, బుధవారం పేజీ తీసి, బడిలో చదివినట్టు గట్టిగా చదివాను.

“ఉదయం ఆరు: వాసన ఎక్కువ. నురగ నాలుగు వేళ్లు. మధ్యాహ్నం మూడు: చిత్తూరు నుంచి వచ్చాను. పిల్లలు అన్నం తింటున్నారు. వసారాలో ప్రయాణానికి ఆరు సీసాలు, మనిషికి మూడు. ఎవరో తెలియక వాటి నిండా బావి నీళ్లు పట్టారు. ఊరికి పోయే ఆడపిల్లలకు ఈ నీళ్లా! పారబోసి, చింతపండు వేసి రెండుసార్లు తోమి, క్యాను నీళ్లు నింపాను. మూతల మీద అంకెలున్నాయి. ఒకటి నుంచి ఆరు దాకా వరుస తప్పకుండా పెట్టాను.”

చదవడం ఆపాను.

“చింతపండేసి తోమినావా అక్కా?” అంది తోడికోడలు.

“తోమినాను.”

“ఇంగ మంచి రిపోర్టు రాకుండా ఎట్ల పోతాది!”

ఫోనులో సంఘం ఆయన చాలాసేపు దగ్గాడు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు. “అవ్వా, అట్లయితే మనకు మిగిలింది నీ పుస్తకమే. సోమవారం దాని జిరాక్సు ఇస్తాం. ఆ ఒక్క పేజీ మాత్రం వదిలేద్దాం. నలుగురిలో నవ్వులపాలైతాం.”

“పేజీలకు నంబర్లు ఏసుండాను నాయనా. ఒకటి లేకపోతే మిగతావి యెవురు నమ్ముతారు?”

కాగితం చించిన పిల్లలకు గోడకుర్చీ వేయించినదాన్ని. రాత్రంతా ఆలోచించినా వేరే దారి తోచలేదు.

సోమవారం విచారణలో ఫ్యాక్టరీ తరఫు మనిషి మా రిపోర్టునే జెండాలా ఊపాడు. నేను లేచి బుధవారం పేజీ చదివాను. అధికారి కళ్లద్దాలు తీసి చూశాడు.

“మీరే కడిగినారామ్మా?”

“ఆరూ నేనే కడిగినాను సార్.”

ఆయన రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి. కాసేపటికి పుస్తకం అడిగి తీసుకుని, మొదటి నుంచి తిప్పడం మొదలుపెట్టాడు. కొట్టివేతల దగ్గర ఆగాడు, సంతకాలు చూశాడు.

“వాసన లేని దినాలు కూడా రాసినారే?”

“ఉన్న దినాలే రాస్తే చాడీ అవతాది సార్. లేనివి కూడా రాస్తేనే లెక్క.”

ముందుగా చెప్పకుండా తమవాళ్లే వచ్చి, సీలు వేసిన సీసాల్లో నీళ్లు తీస్తారని ఆయన అక్కడికక్కడే రాసిచ్చాడు.

ఆ శుక్రవారమే వచ్చారు. ఆ పూటంతా పిల్లలు నన్ను వేపచెట్టు కింద కుర్చీలో కూర్చోబెట్టి, ఒకరు మార్చి ఒకరు కాపలా ఉన్నారు. సీసాలకూ నాకూ మధ్య పద్దెనిమిది అడుగుల దూరం. కొన్నాళ్లకు తాగడానికి పనికిరాదని రిపోర్టు వచ్చింది. మా నీళ్లు చెడ్డవని తేలినందుకు ఊరంతా సంబరపడింది. తోడికోడలు ఇంటింటికీ బెల్లం పంచింది. ఫ్యాక్టరీకి నోటీసు వెళ్లింది, మాకు రోజూ ట్యాంకరు వస్తోంది. ట్యాంకరు వచ్చే వేళలూ రాస్తున్నాను.

పిల్లలు వెళ్లేముందు ఇంటర్న్‌షిప్పు నివేదిక మీద ఇంటివాళ్ల సంతకం కావాలన్నారు. ‘క్షేత్రస్థాయిలో ఎదురైన ఇబ్బందులు’ అన్న గడిలో ఒక్క మాటే ఉంది: ‘అవ్వ’.

అందులో తప్పేమీ కనబడలేదు. ఇళ్ల సంఖ్య మాత్రం ఇంకా ముప్పై ఏడనే ఉంది. దాన్ని కొట్టి ముప్పై ఆరు చేసి, కొట్టివేత పక్కన ఒకటి, కింద ఒకటి, రెండు సంతకాలు పెట్టి ఇచ్చాను.